గోంగూర మాన్యం

ఫ్రిస్కో
ఏప్రిల్ 6

అమ్మలూ రిషితా,

నీ ఉత్తరం అందింది. అక్షరాలు కిందటిసారి కంటే కుదురుగా ఉన్నాయి. ఫోన్లో నాకు మాట రాదని నీకు తెలుసు. అందుకని నువ్వు తెలుగులో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టావు. నాకు అది బాగుంది.

నేను బాగున్నాను. మీ అమ్మ బాగుంది. వారంలో మూడు రోజులు ప్లేనో ఆఫీసుకి వెళుతోంది. మిగతా రోజులు మేడ మీద గదిలో కూర్చుని కంప్యూటరుతో పోట్లాడుతోంది.

నువ్వు ఏం చదువుతున్నావో ఈసారి అర్థమయింది. హిస్టరీ అంటే రాజులూ యుద్ధాలూ అనుకున్నాను. బోస్నియా అనే దేశంలో ఆరేడు వందల ఏళ్ళ కిందట దొరలు తమని నమ్ముకుని ఉన్నవాళ్ళకి భూములు రాసి ఇచ్చేవాళ్ళనీ, ఆ పత్రాలు చదవడమే నీ పని అనీ రాశావు. దానికి అంత దూరం పోవాలా అనిపించింది. నాకు ఇక్కడే ఒకాయన ఇచ్చాడు గదా.

మా కోటేశ్వరరావు గారి సంగతే చెబుతున్నాను. ఆయన హోటల్లో వంట చేసి నేను రిటైరయిన రోజున, సెలైనా దగ్గర ఆయనకున్న పొలంలో వాగు పక్క అరెకరం నాకు ఇచ్చారు. నువ్వు అప్పుడు హైస్కూల్లో ఉన్నావు. హోటలు డ్రైవరు రాఘవులు వ్యాను తీసుకుని రోజూ పొద్దున్నే ఆ పొలం మీదుగా పోతాడు. నన్ను ఎక్కించుకుని దింపుతాడు. మధ్యాహ్నం నన్నూ, హోటలు వంటింటికి నేను కోసిన ఆకునూ మళ్ళీ తెస్తాడు. మన ఊళ్ళో చెరువు నీళ్ళు వదిలేవాడికీ, ఊరి కాపలావాడికీ ఇలాగే నేల ఇచ్చేవాళ్ళు. మాన్యం అనేవాళ్ళు.

నిన్ననే గోంగూర విత్తనాలు చల్లాను. నేల వెచ్చబడింది.

తాతయ్య


జెర్సీ సిటీ
ఏప్రిల్ 19

తాతయ్యా,

న్యూయార్క్‌లో కాలేజ్‌కి వెళ్ళే ట్రైన్‌లో కూర్చుని రాస్తున్నా, అందుకని అక్షరాలు డాన్స్ చేస్తున్నాయి. నీ లెటర్ రెండోసారి చదువుతూ నా స్టేషన్ మిస్ అయ్యాను. క్లాస్‌కి లేట్. ఫాల్ట్ నీదే.

నీ అరెకరం గురించి నాకు తెలుసు, కానీ అది ఒక గ్రాంట్ అని నాకెప్పుడూ తట్టలేదు. కోటేశ్వరరావు అంకుల్ ఒక మెడీవల్ లార్డ్ అని కూడా తట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే పర్ఫెక్ట్‌గా సరిపోతాడు. ఆ మీసం ఒక్కటి చాలు.

నేను చదివే పత్రాలు ఎలా ఉంటాయో చెప్తా విను. ముందు దొర తన పేరు, తన వాళ్ళ పేర్లు చెప్పుకుంటాడు. తర్వాత ఏ పనికి ఇస్తున్నాడో చెప్తాడు. ఊరికే "మంచివాడు కాబట్టి" అని కాదు. నేను కష్టంలో ఉన్నప్పుడు అందరూ వెళ్ళిపోయారు, ఇతను వెళ్ళలేదు, అలా. తర్వాత సాక్షుల పేర్లు, బోలెడన్ని. చివర్లో, ఎవడైనా ఈ మాట తప్పితే వాడికి తగలాల్సిన శాపాలు. శాపాలు నాకు చాలా ఇష్టం.

సో, నీకు నా క్వశ్చన్స్. అంకుల్ ఆ రోజు ఎగ్జాక్ట్‌గా ఏమన్నాడు? ఎవరి ముందు అన్నాడు? ఏ పనికి ఇచ్చాడు? శాపం ఏమైనా పెట్టాడా? ప్లీజ్, రెండు లైన్లలో రాసి వదిలెయ్యకు. నీ సంగతి నాకు తెలుసు.

నీ రిషి


ఫ్రిస్కో
మే 4

రిషితమ్మకు,

రెండు లైన్లకంటే ఎక్కువే రాస్తున్నాను. మధ్యలో ఒకసారి కాఫీకి లేచాను.

శాపం ఏమీ పెట్టలేదు. హోటలు వెనక హాల్లో భోజనాలు పెట్టారు. పనివాళ్ళందరూ ఉన్నారు. టిఫిన్ల కౌంటరు చూసిన లీలావతి ఉంది, రాఘవులు ఉన్నాడు. మీ అమ్మ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చింది, ఇచ్చేటప్పుడు లేదు. రావు గారు లేచి నిలబడి నా భుజం మీద చెయ్యి వేశారు. "తిరుపతయ్యా, వాగు పక్క అరెకరం నీది. నీ ఇష్టం వచ్చింది పండించుకో. నిన్ను అడిగేవాడు లేడు" అన్నారు. అంతే. అందరూ చప్పట్లు కొట్టారు. నేను తల వంచుకుని నిలబడ్డాను. ఏమన్నా అనమన్నారు. పప్పు చల్లారిపోతోంది అన్నాను.

ఏ పనికి అంటే. హోటలు పెట్టిన మొదటి ఏడు ఒక పెళ్ళి వంట ఒప్పుకున్నాం. పెళ్ళికి ముందురోజు మంచు తుఫాను. అదే రోజు వంటవాళ్ళు ముగ్గురూ హ్యూస్టన్లో కొత్త హోటలుకి వెళ్ళిపోయారు. నన్నూ రమ్మన్నారు. నేను పోలేదు. లీలావతి ఉల్లిపాయలు తరిగింది, రావు గారు గిన్నెలు కడిగారు, నేను వండాను. కరెంటు పోతే గ్యాసు వెలుగులో వండాం. పెళ్ళివాళ్ళు ఆ పప్పు గురించి ఇప్పటికీ చెబుతారట. ఆ పెళ్ళి వంట తప్పి ఉంటే ఆయన హోటలు ఉండేది కాదు. ఈ మాట నేను అనలేదు. నేను రిటైరయిన రోజు భోజనాల దగ్గర ఆయనే అందరిముందూ అన్నారు.

గోంగూర మొలిచింది. బీర తీగ పందిరి అందుకుంటోంది. మా దగ్గర వంట నేర్చుకున్న పవన్ గుర్తున్నాడా, నీకు దోసెల మీద బొమ్మలు వేసి ఇచ్చేవాడు. వాడు హోటలు మానేశాడు. సొంతంగా ఫుడ్ ట్రక్కు పెట్టుకున్నాడు. మన హోటలున్న రోడ్డు చివరే. గోంగూర కోతకి వచ్చాక కొంచెం ఇవ్వమన్నాడు. సరే అన్నాను.

తాతయ్య


జెర్సీ సిటీ
జూన్ 22

తాతయ్యా,

లేట్‌గా రాస్తున్నందుకు సారీ. ఎగ్జామ్స్, పేపర్లు, తర్వాత రూమ్మేట్ దేదీప్య మూవ్ అవుట్ అవడం, అన్నీ ఒకేసారి వచ్చాయి.

నీ మే లెటర్‌ని ఇంగ్లిష్‌లోకి మార్చి మా ప్రొఫెసర్‌కి చూపించా. గిన్నెలు కడిగిన దొర ఇంతవరకు తనకి తగల్లేదంది. ఆ పత్రాల్లో దొరలు తాము ఏ కష్టంలో పడ్డారో దాచుకోరు తాతయ్యా, ఎందుకంటే కష్టం ఎంత పెద్దదైతే సేవ అంత పెద్దది. అంకుల్ కూడా దాచుకోలేదు. ఆ ఒక్క విషయంలో నాకు ఆయన నచ్చాడు.

అమ్మ పవన్ అన్న ట్రక్ ఫొటో పంపింది. తాతయ్యా, నీ పేరు ట్రక్ మీద ఉంది. ఎర్ర పెయింట్‌తో, "తిరుపతయ్య గారి తోట గోంగూర" అని. కింద ఇంగ్లిష్‌లో కూడా. నా ఫ్రెండ్స్ అందరికీ పంపించాను. నువ్వు ఫేమస్. ఎలా ఉంది ఫీలింగ్?

రిషి


ఫ్రిస్కో
జులై 11

చిరంజీవి రిషితకు,

ఉత్తరం అందింది. ఇక్కడ ఎండలు ఎక్కువ. ఆరోగ్యం బాగుంది.

ఒక సంగతి. నువ్వు చదివే ఆ దొరలు ఇచ్చిన నేల మళ్ళీ తీసేసుకోవచ్చా? తీసుకుంటే దానికి పద్ధతి ఏమన్నా ఉండేదా? ఊరికే అడుగుతున్నాను.

తాతయ్య


జెర్సీ సిటీ
జులై 17

తాతయ్యా,

నువ్వు ఊరికే ఏదీ అడగవు. ఉప్పు అందించమని అడగడానికే నీకు సగం భోజనం పడుతుంది.

అందుకని అమ్మకి ఫోన్ చేశాను. అమ్మ ముందు "ఏం లేదు" అంది, తర్వాత ఏడ్చింది, తర్వాత మొత్తం చెప్పింది. పొలం గేట్‌కి లాక్ నంబర్ మార్చేశారట. నువ్వు రెండు వారాల నుంచి పొద్దున్నే లేచి, స్నానం చేసి, టోపీ పెట్టుకుని, వరండాలో కూర్చుని, మళ్ళీ లోపలికి వచ్చేస్తున్నావట. నాకు మాత్రం ఎండలు ఎక్కువ అని రాశావు.

నాకు చాలా కోపంగా ఉంది. ఆయన మీద, కొంచెం నీ మీద కూడా. శ్రేయాస్ అని నా ఫ్రెండ్ వాళ్ళ అక్క డాలస్‌లో లాయర్. ఆమెతో మాట్లాడా. కాగితం లేకపోయినా సాక్షులు ఉన్నారు కాబట్టి ఒక నోటీస్ పంపొచ్చంది. ఫీజు కూడా వద్దంది. నువ్వు సరే అంటే చాలు. ప్లీజ్ సరే అను.

ఏం జరిగిందో నీ మాటల్లో రాయి. అంతా రాయి.

రిషి


ఫ్రిస్కో
జులై 24

రిషితా,

కోపం తెచ్చుకోకు. లాయరమ్మకి నా నమస్కారం చెప్పు. నోటీసు వద్దు.

జరిగింది ఇది. ఆ రోజు రాఘవులూ నేనూ గేటు దగ్గరికి వెళ్ళాం. నంబరు పడలేదు. నా వేళ్ళు తడబడ్డాయి అనుకున్నాను, రాఘవులు కూడా నొక్కాడు. ఈలోగా రావు గారి కారు వచ్చింది. ఆయన దిగారు. మొహం ఎర్రగా ఉంది.

"పవన్‌గాడికి ఆకు ఇస్తున్నావా?" అన్నారు.

"ఇస్తున్నానండి" అన్నాను.

"వాడు నా హోటలున్న రోడ్డులోనే బండి పెట్టుకుని నా కస్టమర్లని లాక్కుంటున్నాడు. నా మట్టిలో పెరిగిన ఆకుతో, నీ పేరు బోర్డు కట్టి. ఇరవై ఏళ్ళు నా ఉప్పు తిన్నావు. దీన్ని నమ్మకద్రోహం అంటారు తిరుపతయ్యా."

నాకు నోరు లేవలేదు. నీకు తెలుసు గదా నా సంగతి. రాఘవులు ఎటో చూస్తున్నాడు. ఆయన కారెక్కి వెళ్ళిపోయారు.

పవన్ బోర్డు మీద పేరు రాస్తానని నన్ను అడగలేదు. నాకు మర్యాద చేశాననుకున్నాడు. సంగతి తెలిసి మనింటికి పరిగెత్తుకొచ్చాడు. "పేరు చెరిపేస్తాను తాతా" అన్నాడు. చెరపొద్దు అన్నాను. అందులో అబద్ధం లేదు. అది నా తోట, అది నా గోంగూర. ఆకుకి నేను డబ్బు తీసుకోలేదు. కూరాకు అమ్మడం నాకు రాదు. వండుకునేవాడు అడిగితే ఇస్తాం. మనకు తెలిసింది అంతే.

పొలంలో మొక్కలకి నీళ్ళు మాత్రం పెట్టిస్తున్నారట. రాఘవులు చెప్పాడు. ఆయన అంత చెడ్డవాడు కాదు. కానీ ఆకు కోసేవాడు లేక ముదిరిపోతోందట.

నేల పోతే పోయిందిలే అని నువ్వు అనుకుంటావేమో, నేను అనుకోవడం లేదు. నాకు నా నేల కావాలి. ఆ మాట కూడా నా మీద నుంచి తీసెయ్యాలి. కోర్టు నేల ఇప్పిస్తుందేమో, ఆ మాట తియ్యలేదు. అందుకే నోటీసు వద్దన్నాను.

నేను అడిగినదానికి నువ్వు బదులు రాయలేదు.

తాతయ్య


జెర్సీ సిటీ
ఆగస్టు 2

తాతయ్యా,

ఓకే. లాయర్ లేదు. నీ లెటర్ చదివాక నేను కూడా వద్దనుకున్నాను.

నువ్వు అడిగినదానికి ఆన్సర్. తీసుకోవచ్చు. ఒకే ఒక్క కారణానికి, నమ్మకద్రోహానికి. దానికి వాళ్ళ భాషలో ఒక మాటే ఉంది. దొరని మోసం చేశాడని తేలితే నేల పోతుంది. అంకుల్ వాడింది కరెక్ట్‌గా ఆ మాటే, నాకు చదివి ఒళ్ళు జలదరించింది.

కానీ కొన్ని పత్రాల్లో ఇంకో షరతు ఉంది, నా పేపర్ మొత్తం దాని మీదే. ద్రోహం జరిగిందో లేదో దొర ఒక్కడే తేల్చడానికి వీల్లేదు. కోపం వచ్చినవాడే జడ్జి కాకూడదని. వాళ్ళ చర్చి పెద్దలు, ఇంకా "మంచి బోస్నియావాళ్ళు" అని పిలిచే పెద్దమనుషులు కూర్చుని చూడాలి. వాళ్ళు చూసేదాకా నేల ముట్టుకోకూడదు. ఆ షరతు రాసి ఇచ్చింది ఎవరో కాదు, దొరలే. ఎందుకు తమ చేతులు తామే కట్టేసుకున్నారు అని నేను ఏడాది నుంచి ఆలోచిస్తున్నా. నాకు అనిపించేది ఏంటంటే, అలా ఇచ్చినవాడే పెద్ద దొర అనిపించుకుంటాడు. ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కునేవాడి దగ్గర ఎవరు నమ్మకంగా ఉంటారు?

కాబట్టి నా అడ్వైస్. అంకుల్‌ని బతిమాలకు, పోట్లాడకు. ఆయనకి దొరలా ఉండటం ఇష్టం కదా. అయితే దొరలాగే ఉండమని అడుగు. అందరి ముందు ఇచ్చారు, అందరి ముందు అడిగి తీసుకోండి అను. నీ ఫ్రిస్కోలో "మంచి బోస్నియావాళ్ళు" ఎవరో నాకంటే నీకే తెలుసు.

నన్ను రమ్మంటే ఫ్లైట్ బుక్ చేస్తా. నేను మాట్లాడతా నీ బదులు.

రిషి


ఫ్రిస్కో
ఆగస్టు 20

అమ్మలూ,

నువ్వు రావద్దు. రావాలంటే నన్ను చూడ్డానికి రా. నా బదులు మాట్లాడ్డానికి వద్దు. నువ్వు బాగా మాట్లాడతావు, నిజమే. కానీ నేను మాట్లాడకపోతే ఆ మాట నా మీద అలాగే ఉండిపోతుంది.

నీ ఉత్తరం నాలుగైదు సార్లు చదివాను. తర్వాత ఇస్త్రీ చొక్కా వేసుకుని హోటలుకి వెళ్ళాను. రాఘవులే దింపాడు. "నన్ను ఇరికించకు తిరుపతన్నా, నాకింకా ఉద్యోగం ఉంది" అంటూనే దింపాడు. రావు గారు గల్లాపెట్టె దగ్గర ఉన్నారు. నన్ను చూసి కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టారు. నేను నిలబడ్డాను. ఆయన సర్దుతూనే ఉన్నారు. నేను నిలబడే ఉన్నాను. నాకు ఆ ఒక్కటీ బాగా వచ్చు.

చివరికి ఆయనే, "ఏంటి?" అన్నారు.

దారంతా అనుకుంటూ వెళ్ళిన మాటలు అప్పటికి సగం ఎగిరిపోయాయి. మిగిలిన సగం చెప్పాను. "బోస్నియా అనే దేశంలోనండి, దొరలు నేల ఇచ్చేవాళ్ళండి. ద్రోహం చేశాడని తేలితే తీసుకునేవాళ్ళండి. తేల్చేది మాత్రం దొర కాదండి. పెద్దమనుషులు కూర్చుని తేల్చాలండి. అది పెద్ద దొరల పద్ధతి అండి."

"బోస్నియా ఎక్కడ, సెలైనా ఎక్కడ? ఎవడు చెప్పాడు నీకిదంతా?"

"మా మనవరాలండి. దానిమీదే చదువుతోంది."

"న్యూయార్కులో చదువు చెప్పించి నా మీదికి వదిలావా?" అన్నారు. కోపంగా అనలేదు. కాస్త నవ్వొచ్చినట్టే ఉంది, మీసం కింద కనపడలేదు. తర్వాత అడిగారు, "ఆ దొరలు పెద్ద దొరలేనా?"

"కోటలున్నవాళ్ళటండి" అన్నాను.

అది నాకు తెలియదు. నువ్వు రాయలేదు. కోటలు ఉండే ఉంటాయి, నిజమేనా కనుక్కుని చెప్పు.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "సరే. మీటింగ్ పెడదాం. ఎవరిని పిలవాలి?"

"మీ ఇష్టం అండి. ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళయితే చాలు."

సెప్టెంబరులో ఒక ఆదివారం, పొలంలో షెడ్డు దగ్గర. వంట కూడా ఉంది. మీ అమ్మ ఇప్పటినుంచే భయపడుతోంది. నాకు భయం లేదు. గొంతు వస్తుందో రాదో అని మాత్రం ఉంది.

తాతయ్య


జెర్సీ సిటీ
ఆగస్టు 28

తాతయ్యా,

కోటలు ఉన్నాయి. చాలా ఉన్నాయి, కొండల మీద. సగం కూలిపోయాయి, మిగతావి నేను వెళ్ళి చూడాలి. నువ్వు అబద్ధం చెప్పలేదు.

నేను రావట్లేదు, ప్రామిస్. ఒక్కటే చెప్తాను. వాళ్ళు నిన్ను ఏదైనా అడిగితే నువ్వు చేసింది చేశానని చెప్పు, చెయ్యంది చెయ్యలేదని చెప్పు. సారీ మాత్రం చెప్పకు. నువ్వు అలవాటుగా చెప్పేస్తావు. నా కాలు నీ కాలికి తగిలినా నువ్వే సారీ చెప్తావు.

అయిపోగానే రాయి. ఫోన్ చెయ్యొద్దు, అమ్మని కూడా చెయ్యనివ్వొద్దు. నీ చేత్తో రాసింది చదవాలి నాకు.

రిషి


ఫ్రిస్కో
సెప్టెంబరు 15

అమ్మలూ రిషితా,

మీ అమ్మ ఫోన్ తీసింది. లాక్కున్నాను. మాటంటే మాటే.

నిన్న జరిగింది. పెద్ద ఎండ. షెడ్డు కింద మడత కుర్చీలు వేశారు. హోటల్లో పనిచేసిన పాతవాళ్ళు చాలామంది వచ్చారు. మీటింగ్ అంటే నవ్వుకుంటూ వచ్చారు, బిర్యానీ ఉందని కూడా వచ్చారు. పవన్ని రానివ్వలేదు. వాడు రోడ్డు మీద ట్రక్కులో కూర్చున్నాడు. రావు గారు మధ్యలో కూర్చున్నారు. మధ్యలో కూర్చుంటే ఆయన మొహం వేరేగా ఉంటుంది.

"ఈ రోజు నేను మాట్లాడను, మీరే తేల్చండి" అని మొదలుపెట్టి, చాలాసేపు మాట్లాడారు. హోటలు ఎలా పెట్టారో, ఎంత కష్టపడ్డారో, పవన్‌గాడు ఎలా వెళ్ళిపోయాడో. లీలావతి విసనకర్రతో విసురుకుంటూ, "రావుగారూ, ఈ కథ మాకు వచ్చు, మేమందరం అందులో ఉన్నాం, సంగతికి రండి" అంది. అందరూ నవ్వారు. ఆయన నా వైపు తిరిగారు.

"వాడికి ఆకు ఇచ్చావా లేదా?"

"ఇచ్చానండి."

"ఎందుకిచ్చావు?"

"అడిగాడండి."

మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదు. "నా పోటీవాడని తెలియదా?"

"మీ దగ్గర వంట నేర్చుకున్నవాడని తెలుసండి. నేర్పింది నేను. నేర్పమన్నది మీరు."

గొంతు వచ్చింది రిషీ. నాకే వింతగా ఉంది. ఎవరో పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టుంది.

లీలావతి ఆయన్ని అడిగింది, "పవన్‌కి ఇస్తున్నాడని మన వంటింటికి ఎప్పుడన్నా ఆకు తక్కువ చేశాడా?" ఆయన ఇప్పటి వంటవాడి వైపు చూశారు. అతను, "లేదు సార్, లేత కట్టలన్నీ మనకే వచ్చేవి" అన్నాడు.

అప్పుడు రాఘవులు లేచాడు. నన్ను ఇరికించొద్దన్నవాడు తనే లేచాడు. "అది నేను చెబుతాను. ముందు మన వ్యాను నిండేది, ఆ తర్వాతే పవన్ ట్రక్కుకి. ఒక్కరోజు కూడా తేడా రాలేదు. నాకు తెలియకపోవడం ఏంటి, రెండు చోట్లా దించింది నేనేగా" అన్నాడు.

రావు గారు కుర్చీలో ముందుకి జరిగారు.

"ఏ బండిలో దించావు?" అన్నారు రావు గారు.

రాఘవులు కూర్చున్నాడు. "దారిలోనే కదండీ" అన్నాడు.

"నా వ్యానులోనా?"

"పెట్రోలు ఎక్కువేం అవలేదండి."

ముందు లీలావతి నవ్వింది. తర్వాత ఒక్కొక్కళ్ళు. మీ అమ్మ కూడా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. చివరికి ఆయన కూడా ఆపుకోలేకపోయారు. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నా పొలం, నా వ్యాను, నా డ్రైవరు. ఇంక నేనే వెళ్ళి వాడికి వడ్డించి రావాల్సింది" అన్నారు.

లీలావతి చుట్టూ అందరి మొహాలూ చూసింది. "ద్రోహం జరిగిందని ఎవరన్నా అంటారా?" అంది. ఎవరూ అనలేదు. "ఎవరూ అనడం లేదు రావుగారూ" అంది.

ఆయన తలూపారు. "సరే. ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది. అందరి ముందూ వెనక్కి తీసుకుంటున్నా. నేల నీదే, రేపటినుంచి వచ్చెయ్యి. కాకపోతే ఒక్కటి. పవన్‌గాడికి మాత్రం ఇవ్వకు. నా పరువు ఉంటుంది."

అందరూ అయిపోయిందనుకున్నారు. కుర్చీలు కదిలాయి. వాళ్ళు నా వైపు చూస్తున్నారు, సరేనంటాను గదా అని. సరే అంటే చాలు, నేల నాకు వస్తుంది. నేను ఎప్పుడూ సరే అనేవాణ్ణే. నువ్వు రాసింది గుర్తొచ్చింది, ఎప్పుడు కావాలంటే అప్పుడు లాక్కోవడం గురించి.

"అలా అయితే అది ఇచ్చినట్టు కాదండి, కౌలు అవుతుంది" అన్నాను.

"ఏంటి?"

"ఏం పండించాలో, ఎవరికి పెట్టాలో మీరు చెబితే అది కౌలండి. కౌలుకయితే నాకు వద్దండి. మీరు ఆ రోజు, నిన్ను అడిగేవాడు లేడు అన్నారు. ఆ నేలే నాకు కావాలి."

కదిలిన కుర్చీలు ఆగిపోయాయి. మీ అమ్మ మొహం తెల్లబోయింది. ఇంక పోయిందనే నేనూ అనుకున్నాను. అనుకునే నిలబడ్డాను. సారీ మాత్రం చెప్పలేదు.

లీలావతి మెల్లగా అంది, "మీరు ఇచ్చింది పెద్దది రావుగారూ. చిన్నది చేసుకోకండి."

ఆయన లేచి, షెడ్డు దాటి, వాగు వైపు నడిచారు. ఎండలోనే. ఎవరు వెళ్ళబోయినా చెయ్యి అడ్డం పెట్టారు. బిర్యానీ వడ్డన ఆపేశారు. నేను కాసేపు చూసి వెనకాల వెళ్ళాను. ఆపలేదు.

ఆయన నా మడి పక్కన నిలబడి ఉన్నారు. గోంగూర నడుము దాటి పెరిగింది. కోసేవాడు లేక కింది ఆకులు ముదిరి ఎర్రబారాయి, పైన చివుళ్ళు మాత్రం లేతగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఆయన ఎప్పుడు వచ్చినా చెయ్యి పెట్టి మొక్కకి మొక్క లాక్కుని పట్టుకుపోయేవారు. నేనేమీ అనేవాణ్ణి కాదు. ఆయన పోయాక, పక్కన ఊడి పడినవాటిలో వేళ్ళు తెగని మొక్కలుంటే మళ్ళీ గుచ్చేవాణ్ణి.

ఈసారి గట్టు దిగలేదు. గట్టు మీదే నిలబడి, నా వైపు చూడకుండా, "రెండు కట్టలు కోసుకోనా?" అన్నారు.

ఆయన తొందరపెట్టలేదు. నేను సరే అనేదాకా గట్టు మీదే ఉన్నారు.

"కోసుకోండి. మొక్క పీకొద్దండి, చివుళ్ళు తుంచుకోండి" అన్నాను.

ఆయన ప్యాంటు మడుచుకుని దిగి, ఒక్కొక్క చివురే తుంచారు.

తాతయ్య